ఫ్లైయాష్ ఇటుక

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు మండినప్పుడు పొగతోపాటు పైకి లేచే సన్నని బూడిదను పట్టి, దానితో బట్టీ అవసరం లేకుండా తయారుచేసే ఇటుక ఇది. తెలుగునాట బూడిద ఇటుక అనీ, రంగును బట్టి సిమెంటు ఇటుక అనీ అంటారు.

మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, తరచు 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. వాడకం లేని బూడిదను నీటితో కలిపి బూడిద చెరువుల్లోకి వదులుతారు. ఎండాకాలం ఆ చెరువులు ఎండితే, గాలి లేచినప్పుడల్లా పక్క ఊళ్లలో ఆరేసిన బట్టల మీద బూడిద పొర పడుతుంది. ఎర్ర ఇటుక సంగతి వేరు. దానికి పొలం పైమట్టి తవ్వాలి, బట్టీలో బొగ్గో కట్టెలో తగలేయాలి. పంట పండించే ఆ మట్టి మళ్లీ ఏర్పడడానికి తరాలు పడుతుంది.

బూడిదలోని సిలికా, అల్యూమినా తమంతట తాము గట్టిపడవు. తడి ఉండి, సున్నం తోడైతే రాయిలా బిగుస్తాయి. పాతకాలపు మేస్త్రీలు సున్నంలో ఇటుకపొడి కలిపింది ఈ గుణం కోసమే. అయితే ఈ బిగువు చాలా నెమ్మదిగా వస్తుంది. విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నాలకు జిప్సం జోడించి, తొలి రోజుల్లోనే బలం వచ్చే ‘ఫాల్-జి’ పద్ధతిని రూపొందించారు. ఫ్లైయాష్, లైమ్, జిప్సం మాటల తొలి అక్షరాలే ఆ పేరు. ఎరువుల కర్మాగారాల్లో మిగిలే జిప్సం కూడా ఇందులో పనికొస్తుంది. ఇప్పుడు చాలా యూనిట్లు సున్నానికి బదులు సిమెంటు వాడుతున్నాయి. పని సులువవుతుంది గాని, సిమెంటు తయారీలో వెలువడే కర్బనం ఇటుక లెక్కలో చేరుతుంది.

బూడిద, ఇసుక లేదా రాతిపొడి, సున్నం, జిప్సం పాన్ మిక్సరులో కలిపి, యంత్రంతో అచ్చులో నొక్కుతారు. అప్పుడే తీసిన ఇటుక చేతిలో చిదిమితే పొడి అయిపోతుంది. దాన్ని బలపరిచేది నీళ్లే. దొంతులుగా పేర్చి, గోనెపట్టాలు కప్పి, రెండు మూడు వారాలు తడుపుతారు. ఈ ఇటుకకు వచ్చే చెడ్డపేరులో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది: ఆర్డరు తొందరలో వారానికే లారీకెక్కించిన ఇటుక అంచులు రాలతాయి, గోడ కట్టాక అది కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. బాగా తడిసిన ఇటుకలు రెండు తట్టి చూస్తే ఖంగుమంటాయి, గోరుతో గీస్తే గీత పడదు. 24 గంటలు నీళ్లలో నానబెట్టినా సాధారణ రకం ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని ఐఎస్ 12894 ప్రమాణం చెబుతోంది. అంచులు సూటిగా ఉండడంతో ప్లాస్టరింగుకు సిమెంటు, ఇసుక తక్కువ పడతాయి.

కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరు 14న తొలి ఫ్లైయాష్ నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపలి బట్టీలు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలన్నది అందులోని నిబంధన. 2021 డిసెంబరు నాటి నోటిఫికేషన్ ప్రకారం కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలి. 300 కిలోమీటర్ల పరిధిలోని నిర్మాణ సంస్థలు, ధర మించనప్పుడు, బూడిద ఉత్పత్తులే వాడాలి.

బూడిదలో ఆర్సెనిక్, సీసం వంటివి స్వల్పంగా ఉంటాయి. ఇటుకలో బిగుసుకున్నాక అవి చాలావరకు కదలవు. ఇటుక తయారీలో ప్రమాదం ముఖ్యంగా బూడిద పొడిగా ఉన్నప్పుడే. బస్తా విప్పి మిక్సరులో పోసే కూలీ ముక్కుకు తుండుగుడ్డ చాలదు, అంత సన్నని ధూళి అది. లోడును టార్పాలిన్‌తో కప్పడం, మిక్సరు దగ్గర ధూళి లేవకుండా నీళ్లు చల్లడం, సరైన మాస్కులు ఇవ్వడం యూనిట్ యజమాని బాధ్యత.