చెంచా, పట్టీ, సెల్‌ఫోను

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టినది 1918లో. అదే సంవత్సరము, అక్కడికి ఎంతో దూరమున, నీలగిరి కొండలలోని కూనూరులో, పాశ్చర్ సంస్థవారి ఒక గదిలో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన మొదలుపెట్టినాడు. ఈ రెండింటికి అప్పుడు ఏ సంబంధమును లేదు. ఆ గది క్రమముగా పెరిగి 1928 నాటికి పోషణ పరిశోధనాలయమైనది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలో విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు పొరుగున స్థిరపడినది. ఈడుజోడైన రెండు సంస్థలు నలుబది యేండ్లకు ఇరుగుపొరుగులైనవి. 1969లో పరిశోధనాలయమునకు జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చినది.

కూనూరులో ఉన్నప్పుడే ఈ సంస్థ ఒక ముఖ్యమైన పని చేసినది. మన దేశపు ధాన్యములలో, పప్పులలో, కూరలలో ఏ పోషకపదార్థము ఎంత ఉన్నదో కొలిచి, 1937లో ఎయిక్రాయిడ్ ఆధ్వర్యమున పట్టికలుగా ప్రకటించినది. అయితే పట్టిక చదివి బిడ్డకు అన్నము పెట్టే తల్లి ఎక్కడ ఉన్నది? ప్రయోగశాలకును పల్లెలోని ఇంటికిని నడుమ ఒక మనిషి కావలెను. ఒకనాడు ఆమె మంత్రసాని, తరువాత నర్సమ్మ, 1975 నుండి అంగన్‌వాడీ టీచరు, 2005 నుండి ఆశా కార్యకర్త. సాధారణముగా ఆ ఊరి కోడలో కూతురో. శాస్త్రజ్ఞులు కనుగొన్నదానిని ఆమె చేతికి ఏ రూపమున అందించవలెనన్నది తార్నాక సంస్థ చరిత్రలో పదే పదే ఎదురైన ప్రశ్న.

మొదటి సమాధానము ఒక చెంచా. పొద్దు గుంకగానే కొందరు పిల్లలు గడప తట్టుకొని పడుచుందురు. పళ్ళెములో అన్నము ఎక్కడ ఉన్నదో చేతితో తడిమి వెదకుకొందురు. ఇది రేచీకటి. తరువాత కంటి తెల్లగుడ్డుపై నురుగు వంటి మచ్చలు కనిపించును. అప్పటికిని గమనింపకున్నచో నల్లగుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగా పోవును. కారణము విటమిన్ ఏ లోపము. తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలలో దానికి మూలమైన కెరోటిను పుష్కలముగా ఉన్నది. కాని పసిపిల్లలకు ఆకుకూర పెట్టు అలవాటు తక్కువ. ఊరంతటి అలవాటు ఒక్క ఏడాదిలో మారదు, చూపు మాత్రము ఒక్క వారములో పోవచ్చును. ఇక్కడ ఒక శరీరధర్మము అక్కరకు వచ్చినది. విటమిన్ ఏ కొవ్వులో కరుగును. అధికముగా వచ్చినదానిని కాలేయము నిలువచేసి నెలల తరబడి కొద్దికొద్దిగా వాడుకొనును. అందుచేత ఒక్కసారి పెద్ద మోతాదు ఇచ్చిన చాలునా అని సంస్థవారు పల్లెపిల్లలలో పరీక్షించి చూసినారు. ఫలితము అనుకూలముగా ఉండుటచే 1970లో భారత ప్రభుత్వము దేశవ్యాప్తముగా ఆ కార్యక్రమమును ప్రారంభించినది. మందు మిల్లీలీటరుకు లక్ష యూనిట్లు. తొమ్మిది నెలల బిడ్డకు ఒక మిల్లీలీటరు. ఆపైన అయిదేండ్ల వరకు ఆరు నెలలకొకసారి రెండు మిల్లీలీటర్లు. నర్సమ్మ లెక్క కట్టనక్కరలేదు. లెక్కంతయు చెంచా లోతులోనే ఉన్నది. ఆమె గుర్తుంచుకొనవలసినది ఒక్కటే: ఎవరికి ఎప్పుడు ఇచ్చినది. ఆ గుర్తు తప్పినచో ఒక బిడ్డకు మందు అందదు, మరొక బిడ్డకు రెండుసార్లు అందును. విటమిన్ ఏ మితిమీరిన హాని కలుగును కనుక రెండవదియు చిన్న తప్పు కాదు. రిజిస్టరు అను వస్తువు ఆరోగ్యసేవలో ప్రాణప్రదమైనది ఇందువలననే.

రెండవ సాధనము మోచేతికి పైన చుట్టు పట్టీ. ఆరు నెలల నుండి అయిదేండ్ల వరకు బిడ్డ ఎంత పెరిగినను దండచుట్టుకొలతలో మార్పు స్వల్పము. కావున వయస్సు తెలియకపోయినను అది చిక్కినదా లేదా చెప్పవచ్చును. 1970ల దశకమున ఈ సూత్రముపై పాత ఎక్స్‌రే ఫిల్ములను సన్నగా కత్తిరించి, రంగులు పూసి పట్టీలు చేసినారు. నేటి లెక్క ప్రకారము 12.5 సెంటీమీటర్లు దాటిన ఆకుపచ్చ, 11.5కు లోబడిన ఎరుపు, అనగా ప్రాణాపాయము, నడుమ పసుపు. చదువురాని తల్లి కూడ ఆ రంగును చూచి గ్రహింపగలదు.

చిక్కిన బిడ్డకు ఏమి పెట్టవలెను? 1960ల దశకమున ప్రపంచమంతట మాంసకృత్తుల లోటే పెద్ద లోటని తలచేవారు. సి. గోపాలన్ నాయకత్వమున తార్నాకలో జరిగిన పని ఈ అభిప్రాయమును మార్చినది. మన పేదపిల్లల ఆహారములో ముందుగా తక్కువైనది మొత్తము అన్నమే, అనగా కాలరీలు. అవి చాలనప్పుడు శరీరము మాంసకృత్తులను కూడ ఇంధనముగా కాల్చివేయును. వంటచెరకు లేక ఇంటి దూలమును పొయ్యిలో పెట్టినట్లు. 1973లో ప్రకటించిన ఒక పరిశీలనలో పిల్లలకు రోజుకు సుమారు 310 కాలరీలు, కేవలము 3 గ్రాముల మాంసకృత్తులు గల అదనపు ఆహారము ఇచ్చి చూడగా, వారు తోటిపిల్లలకంటె ఎత్తులోను బరువులోను బాగుగా పెరిగినారు. ఖరీదైన పాలపొడులతో పనిలేదన్నమాట. సంస్థవారు రూపొందించిన ‘హైదరాబాదు మిశ్రమము’లో ఉన్నవి వేయించిన గోధుమ, వేయించిన శనగ, వేరుసెనగ, బెల్లము. ఏ కిరాణా దుకాణములోనైనను దొరకును.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలు మొదలైన పిదప తక్కెడ, పెరుగుదల పటము వచ్చినవి. డేవిడ్ మోర్లీ అను ఆంగ్ల వైద్యుడు నైజీరియా పల్లెలలో ప్రచారమునకు తెచ్చిన పద్ధతి ఇది. నెలనెలా బరువు తూచి పటముపై చుక్క పెట్టి, చుక్కలను గీతతో కలుపవలెను. గీత పైకి పోవుచున్న మంచిది. అడ్డముగా పోయిన ప్రమాదసూచన. సూత్రము సులభమే, ఆచరణ కష్టము. బిడ్డ తక్కెడ ఊయలలో గింజుకొనును, ముల్లు ఊగును. వయస్సు నెలలలో తెలియవలెను, తల్లికి తేదీ జ్ఞాపకముండదు. పోషకాహార సర్వేలలో ఇందుకు ఒక ఉపాయమున్నది. ఊరి పండుగలు, పంటకోతలు, తుపానులు వరుసగా వ్రాసిన పంచాంగము వంటి పట్టిక దగ్గర పెట్టుకొని, “బిడ్డ సంక్రాంతికి ముందా, తరువాతా?” అని అడుగుదురు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కృష్ణాతీరమున ఎందరి వయస్సులకో అటువంటి కొండగుర్తు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణములు ప్రకటించినది. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. వయస్సునకు తగిన బరువు, ఎత్తునకు తగిన బరువు వేరువేరు పట్టికలు. రెండేండ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, ఆపైన నిలబెట్టి కొలువవలెను. ఇన్ని పట్టికలలో ఒక్క గడి తప్పినచో నిర్ణయమే తప్పును.

సెల్‌ఫోను ప్రవేశించినది ఈ ఘట్టమున. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో నర్సమ్మల చేతికి ‘అన్మోల్’ అను యాప్‌తో టాబ్లెట్లు వచ్చినవి. సిగ్నలు లేని తండాలో వివరములు నమోదు చేసికొని, సిగ్నలు దొరికినచోట పైకి పంపు సౌకర్యము దానిలో కలదు. 2018లో పోషణ్ అభియాన్ వచ్చినది. 2021 మార్చి నుండి అంగన్‌వాడీలకు ‘పోషణ్ ట్రాకర్’ యాప్ అమలులోనికి వచ్చినది. టీచరు పుట్టినతేదీ, బరువు, ఎత్తు నమోదు చేయును. పట్టికలు వెదకుట, లెక్క కట్టుట, రంగు చూపుట యంత్రము పని. చెంచాలో ఉన్న తెలివియే ఇక్కడ కూడ ఉన్నది, లెక్కను పనిముట్టులో దాచుట. తార్నాకవారి పట్టికలు సైతము ఫోనుకు ఎక్కినవి. 1937 నాటి పట్టికల వారసత్వముగా 2017లో 528 ఆహారములను కొత్తగా విశ్లేషించి ప్రకటించినారు. 2018లో వాటి ఆధారముగానే ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అను యాప్‌ను విడుదల చేసినారు.

చెంచాకు లేని గుణము ఫోనుకు ఒకటున్నది. చెంచా జ్ఞానమును కిందికి తెచ్చును, అంతే. ఫోను సమాచారమును పైకి కూడ పంపును. ఏ మండలములో ఎందరు పిల్లలు ఎరుపులో ఉన్నారో అధికారులకు వెంటనే తెలియును. ఇది లాభమే, కాని ఆ సమాచారమును నింపు భారము పల్లెలోని స్త్రీదే. ఫోను పాతబడి మొరాయించును. కొన్నిచోట్ల యాప్‌తో పాటు కాగితపు రిజిస్టరు కూడ వ్రాయవలసి వచ్చినది. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ ఫోనులను తిరిగి ఇచ్చివేసినారు. వారి ఫిర్యాదులలో ఒకటి, యాప్ తమ భాషలో సరిగా లేదని. ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును, ఇంజనీరింగును సైతము ఉర్దూలో బోధింపబూనినది నూరేండ్లనాడు. తెరపై నాలుగు మాటలు మాతృభాషలో ఉండవలెనని కోరుట అత్యాశ కాదు. ఆ యాప్ తరువాత పలు భాషలలో వచ్చినది, తెలుగు వానిలో ఒకటి.

మరొక పాఠము పశ్చిమగోదావరి నుండి వచ్చినది. అక్కడి 54 గ్రామములలో జరిగిన పరిశోధనలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ల సాయమున రక్తపోటు కొలిచి, గుండెజబ్బు ప్రమాదమున్నవారిని గుర్తించి డాక్టరు వద్దకు పంపినారు. ఫలితములు 2019లో వెలువడినవి. గుర్తించు పని చక్కగా సాగినది. రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి నిష్పత్తి మాత్రము టాబ్లెట్లున్న ఊళ్ళలోను లేని ఊళ్ళలోను ఇంచుమించు ఒక్కటే. మందు వ్రాయుట, దానిని రోగి విడువక వాడుట ఇంకను మెరుగుపడవలెనని పరిశోధకులు తేల్చినారు. యాప్ చేరవలసిన చోటికి చేరినది, మాత్ర చేరలేదు.

అంగన్‌వాడీలో కూడ ఇంతే. తెరపై ఎరుపు కనిపించినది, బిడ్డకు జబ్బు లక్షణములు కూడ ఉన్నవి అనుకొందము. ఆ బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రమునకు పంపవలెను. తల్లి సుమారు రెండు వారములు బిడ్డతో అక్కడ ఉండవలెను. కూలి పోవును, ఇంటివద్ద మిగిలిన పిల్లలకు వండిపెట్టువారుండరు, అత్తగారు ఒప్పుకొనరు. ఇవేవియు ఏ గడిలోను నింపుటకు వీలైనవి కావు. టీచరమ్మ ఫోనును సంచిలో పెట్టుకొని, సాయంకాలము ఆ తల్లి పొలము నుండి వచ్చు వేళకు వారి అరుగుమీద కూర్చుండి మాట్లాడవలెను. మరునాడు మరల పోవలెను.