సమవసరణం – చతుర్ముఖ జినప్రతిమ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కేవలజ్ఞానం పొందిన తీర్థంకరుడు ధర్మోపదేశం చేసేందుకు దేవతలు నిర్మించే సభ సమవసరణం. నాలుగు దిక్కులకూ జినరూపాలున్న ప్రతిమలను ఈ సభకు సంక్షిప్త రూపాలుగా వ్యాఖ్యానించడం జైన శిల్ప చర్చల్లో పరిపాటి. ఈ వ్యాఖ్యానం అన్ని ప్రతిమలకూ వర్తిస్తుందా అన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

2. గ్రంథాలలో సభాస్వరూపం

జినసేనుని ఆదిపురాణం (9వ శతాబ్ది) దిగంబర సంప్రదాయంలోని సమవసరణాన్ని విస్తరించి వర్ణిస్తుంది. నాలుగు దిక్కులా మానస్తంభాలుంటాయి. వాటిని చూడగానే అహంకారం అణగుతుందని విశ్వాసం. అగడ్తలు, ఉద్యానాలు దాటాక పన్నెండు కోష్ఠాలు, నడుమ గంధకుటి కనిపిస్తాయి. గణధరులు, మునులు, ఆర్యికలు, దేవతలు, మనుష్యులు, పశుపక్ష్యాదులు తమకు నిర్దేశించిన కోష్ఠాలలో ఆసీనులవుతారు. జాతివైరం గల జంతువులు సైతం అక్కడ వైరం మరచిపోతాయి.

శ్వేతాంబర సంప్రదాయంలో ఈ సభకు వెండి, బంగారం, రత్నాలతో కట్టిన మూడు ప్రాకారాలుంటాయి. జినుడు తూర్పుముఖంగా కూర్చుంటాడు. తక్కిన మూడు దిక్కులలో దేవతలు ఆయన ప్రతిరూపాలను కల్పిస్తారు. దిగంబరుల దృష్టిలో నాలుగు వైపులా దర్శనమివ్వడం కేవలి అతిశయాలలో ఒకటి. వివరణ వేరైనా, ఉభయ సంప్రదాయాలలోనూ నలుదిక్కులా కనిపించేది ఒకే జినుడు. ప్రస్తుత చర్చకు ఈ అంశమే కీలకం.

3. శిల్పసాక్ష్యం

మథురలోని కంకాళీ టీలాలో కుషాణుల కాలపు చతుర్ముఖ ప్రతిమలు లభించాయి. వాటిపైని శాసనాలు వాటిని ‘సర్వతోభద్రిక’ అని పేర్కొన్నాయి. భుజాలపై జారిన కేశాలను బట్టి వృషభనాథుని, సర్పఫణాలను బట్టి పార్శ్వనాథుని వీటిలో గుర్తించవచ్చు. అంటే ఇక్కడ ఒకే జినుడు నాలుగుసార్లు కనిపించడం లేదు. వేర్వేరు జినులు ఒకేచోట చేరారు. కనుక వీటిని సమవసరణానికి నేరుగా శిల్పరూపమనడం కష్టం.

15వ శతాబ్దికి చెందిన రాణక్‌పూర్ చౌముఖ ఆలయంలో ఆదినాథుడొక్కడే నాలుగు వైపులా కొలువై ఉన్నాడు. ఈ నిర్మాణానికి సమవసరణ భావన చక్కగా అన్వయిస్తుంది. అయితే దీన్ని కాలక్రమ పరిణామంగా మాత్రమే చూడలేం. 1586 నాటి కార్కళ చతుర్ముఖ బసదిలో అర, మల్లి, మునిసువ్రత తీర్థంకరుల విగ్రహాలున్నాయి. భిన్న జినులను ఒకచోట నిలిపే పద్ధతి తరువాతి కాలంలోనూ కొనసాగిందని దీనివల్ల స్పష్టమవుతుంది.

చిత్రకళ మరో మార్గం పట్టింది. సిత్తన్నవాసల్ గుహాలయ పైకప్పుపై తామరకొలను, పూలు కోసే మనుషులు, ఏనుగులు, చేపలు చిత్రితమయ్యాయి. దీన్ని సమవసరణంలోని ఖాతికాభూమిగా పండితులు గుర్తించారు. ఇక్కడ చిత్రకారుడు జినుని కాక, సభకు వెళ్లే దారిని ఎంచుకున్నాడు.

4. తెలుగునేల సాక్ష్యం

రంగారెడ్డి జిల్లా ఎనికేపల్లిలో వెలుగుచూసిన రెండు చతురస్ర స్తంభాలపై ఆదినాథ, నేమినాథ, పార్శ్వనాథ, మహావీరుల రూపాలున్నాయి. నాలుగు ముఖాలున్నంత మాత్రాన వీటిని సమవసరణమంటే, నలుగురు తీర్థంకరులను ఎంచి చెక్కిన శిల్పి ఉద్దేశం మరుగునపడుతుంది.

5. ముగింపు

చతుర్ముఖ ప్రతిమలన్నీ సమవసరణ రూపాలు కావు. ముఖాల సంఖ్య కన్నా లాంఛనాలు, కేశాలు, ఫణాలు, శాసనపదాలు నిర్ణాయకాలు. గ్రంథవర్ణనను శిల్పంపై ఆరోపించక, శిల్పం ఏం చెబుతుందో ముందుగా చదవాలి. తెలుగునాట జైన అవశేషాలను నమోదు చేసే పరిశోధకులకు ఈ జాగ్రత్త ఆవశ్యకం.