ఢిల్లీ తందూరు: పుట్టుపూర్వోత్తరములు

1947లో దేశవిభజన జరిగినప్పుడు పశ్చిమ పంజాబు నుండియు, వాయవ్య సరిహద్దు రాష్ట్రము నుండియు దాదాపు 5 లక్షలమంది కాందిశీకులు ఢిల్లీ చేరిరి. 1941లో 9 లక్షలకు పైబడియుండిన ఢిల్లీ ప్రాంతపు జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటినది. ఇల్లువాకిళ్ళు, పొలములు, అంగళ్ళు విడిచివచ్చిన ఆ జనులు వెంటతెచ్చుకొన్న విద్యలలో తందూరు వంట యొకటి.

తందూరు అనాదిగా నున్న సాధనము. అది మట్టితో చేసిన లోతైన గుండ్రని పొయ్యి. అడుగున నిప్పు మండుచుండగా, కాగిన లోపలి గోడకు రొట్టెను చరచి కాల్తురు. కాళీబంగన్ త్రవ్వకములలో దీనిని పోలిన పొయ్యిలు బయల్పడినవి. పంజాబు గ్రామములలో పలు ఇండ్లకు కలిపి ఒక తందూరు ఉండెడిది. స్త్రీలు పిండి కలిపి తెచ్చి అచ్చట రొట్టెలు కాల్చుకొనుచు, కష్టసుఖములు చెప్పుకొనెడివారు. దానిని హిందీలో 'సాంఝా చూల్హా' అందురు. అనగా ఉమ్మడి పొయ్యి.

పెషావరులో మోతీమహల్ అను భోజనశాలలో పనిచేసిన కుందన్‌లాల్ గుజ్రాల్, కుందన్‌లాల్ జగ్గీ అనువారు ఢిల్లీకి వచ్చి, 1947లో దరియాగంజిలో అదే పేరుతో భోజనశాల నెలకొల్పిరి. పెరుగు, మసాలాలు పట్టించిన కోడిని ఇనుపచువ్వకు గ్రుచ్చి తందూరులో కాల్చుట వారివలన రాజధానిలో ప్రసిద్ధమైనది. కాల్చిన కోడి ఎండిపోకుండ టమాటా, వెన్న కలిపిన పులుసులో వేయుట 'బటర్ చికెన్'కు మూలమని చెప్పుదురు.

ఆ పులుసును మొదట కలిపిన చేయి ఎవరిది? ఈ ప్రశ్నపై ఆ ఇరువురి వారసత్వము చెప్పుకొను సంస్థల నడుమ 2024లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడచినది. ఇట్టి వివాదము మనకే ప్రత్యేకము కాదు. నేపుల్సు ప్రాంతమునుండి అమెరికాకు వలసపోయినవారు పిజ్జాను వెంటగొనిపోయిరి. న్యూయార్కులో బొగ్గుపొయ్యి వేడికి అది పలుచని రొట్టెయైనది. షికాగోలో 1943లో తెరచిన ఒక భోజనశాలలో లోతైన పళ్ళెమునకు తగినట్లు మందముగా మారినది. అచ్చటను ఆ మార్పు ఎవరిదని నేటికిని వాదింతురు. డెట్రాయిటులో 1946 ప్రాంతమున అది చతురస్రమైనది. ఆ పళ్ళెములు మోటారు కర్మాగారములలోని ఉక్కుతొట్లని ప్రతీతి.

వలసవచ్చిన వంటకమునకు క్రొత్త రూపమిచ్చునది పొయ్యి, పళ్ళెము, చేతికందిన దినుసు, తినువారి అవసరము. టమాటాయే చూడుడు: అమెరికా ఖండమున పుట్టి, ఇటలీ పిజ్జాకును, ఢిల్లీ పులుసునకును రంగునిచ్చినది.

వ్యాపార నామముపై హక్కు ఎవరిదో న్యాయస్థానము తేల్చగలదు, తేల్చవలసినదే. దరియాగంజిలో నిప్పు రాజేసినవారి పేర్లు నిలువవలసినవే. కాని చరిత్రకారుడు ఒక్క పేరు వ్రాసి ముగించినచో, ఉమ్మడి పొయ్యి చుట్టును కూర్చుండిన స్త్రీలు, పేరులేని వంటవారు, ఊరు కోల్పోయిన లక్షలమంది ఆ కథనుండి తొలగిపోవుదురు. వారు లేనిచో ఆ భోజనశాలలో తందూరు వెలిగియుండెడిది కాదు.