ముప్పాతిక డస్టు, పావు ఆకు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెప్పుకోదగ్గ తేయాకు తోట లేదు. అరకులో కాఫీ పండుతుంది గానీ టీ కోసం మనం ఎప్పుడూ పొరుగు కొండల వైపే చూడాలి. దక్షిణాన నీలగిరి, ఈశాన్యాన అస్సాం. ఒకచోటి పొడి చవక, ఇంకోచోటి పొడి ఘనం. బెజవాడ వన్‌టౌన్‌లో మా మేనమామ కొట్లో ఈ రెండూ పక్కపక్క పెట్టెల్లో ఉండేవి. వాటిని ఎంతకెంత కలపాలన్నదే ఆయన వ్యాపారం.

ఇప్పుడు గులాబీ రేకులు, చామంతి, నిమ్మగడ్డి విడివిడిగా సీసాల్లో పెట్టి, మీ టీ మిశ్రమం మీరే తయారు చేసుకోండని అమ్ముతున్నారు. అమ్ముకోనివ్వండి. కానీ ఇదేదో కొత్త విద్య అన్నట్టు మాట్లాడితే మాత్రం నేను ఒప్పుకోను. మా తరం తెలుగు ఇళ్లలో టీపొడి కలపని ఇల్లు అరుదు. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే. ఆ కలపడం మొదలైంది రుచి కోసం కాదు, లెక్క కోసం. రుచి దాని వెనకాలే వచ్చింది.

అసలు టీ మనదాకా రావడమే పెద్ద కథ. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు వర్తకుడు ఎగువ అస్సాంలో సింగ్‌ఫో తెగవాళ్ల దగ్గర అడవి తేయాకు చూశాడు. ఆ ఆకుతో చేసిన టీ 1839 జనవరిలో లండన్‌లో వేలానికి వచ్చింది. మొత్తం ఎనిమిది పెట్టెలు. ఆ తర్వాత అడవులు నరికి తోటలు వేయడానికి మనుషులు కావలసి వచ్చారు. ఛోటానాగపూర్ నుంచి, సంథాల్ పరగణాల నుంచి, మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి అరకాటీలు అనే దళారులు జనాన్ని పోగుచేసి రైళ్లలో, పడవల్లో తరలించారు. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అస్సాం తేయాకు కార్మిక కులాల్లో తెలంగా అనే పేరు ఈనాటికీ ఉంది. మన ఊళ్లలో ఎవరూ టీ తాగని రోజుల్లోనే ఆ టీ కోసిన చేతుల్లో మనవాళ్లవీ ఉన్నాయన్నమాట. మా మామయ్యకు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే అస్సాం పెట్టె మీద చెయ్యేసి బేరగాళ్లకు ఈ కథ కూడా చెప్పి ఉండేవాడు.

ఆ టీ అంతా ఓడలెక్కి పోయేది. ఇక్కడివాళ్లకు అలవాటు చేయాలన్న ఆలోచన తోటల యజమానులకు ఆలస్యంగా వచ్చింది. 1903లో టీ సెస్సు చట్టం వచ్చింది. ఎగుమతి అయ్యే ప్రతి పౌనుకూ కొంత సుంకం వసూలు చేసి ఆ డబ్బుతో ప్రచారం చేయాలని దాని ఉద్దేశం. అసలు ఊపు మాత్రం 1930ల మాంద్యంలో వచ్చింది. ధరలు పడిపోయాయి. 1933లో భారతదేశం, సిలోను, డచ్చివాళ్ల జావా, సుమత్రా కలిసి ఎగుమతులు తగ్గించుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి. మరి మిగిలిన సరుకు ఎవరు తాగాలి? మనమే. అప్పుడు మొదలయ్యాయి ఊరేగింపులు, ఉచితంగా కప్పులు పోయడాలు, కాణీ పొట్లాలు, రైల్వేస్టేషన్లలో ఎనామెల్ రేకు బోర్డులు. టీ ఎలా కాయాలో ఆ బోర్డుల మీద దేశభాషల్లో బొమ్మలతో సహా రాసి పెట్టేవారు. తాజా నీళ్లు మరగనివ్వండి, టీ పాత్రలో ఆకు వేసి ఆ నీళ్లు పోయండి, మూతపెట్టి కొన్ని నిమిషాలు ఆగండి, ఆపైన పాలు, పంచదార.

మనవాళ్లు అంతా విని, అంతా తలకిందులు చేశారు. నీళ్లూ పాలూ ఆకూ పంచదారా ఒకే గిన్నెలో వేసి పొంగించారు. ఆకు ఖరీదని తగ్గించి, ఆ లోటు అల్లంతో, ఏలకులతో, మిరియంతో పూడ్చారు. ఇది ప్రచారకులకు నచ్చలేదు. మసాలా వేస్తే ఆకు తక్కువ పడుతుంది కదా, వాళ్ల సరుకు అమ్ముడుపోవద్దూ? ఇవాళ దేశదేశాల్లో మసాలా టీ అని మెచ్చుకుంటున్నది ఆనాడు వాళ్ల దృష్టిలో ఒకరకం కల్తీ. ఇంట్లో కలుపుకునే విద్యకు పునాది ఆ ధిక్కారంలోనే ఉందని నేను అనుకుంటాను.

ఇదే కాలంలో ఎదురుగాలీ వీచింది. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా గాంధీగారు ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో టీ, కాఫీ, కోకో మూడూ ఒంటికి అక్కర్లేనివేనని తేల్చేశారు. మా తాతయ్య ఖద్దరు మనిషి. ఆయన బతికి ఉన్నంతకాలం మా ఇంట్లో పొద్దున్న ధనియాల కాఫీయే. ధనియాలు దోరగా వేయించి, కాస్త శొంఠి, నాలుగు మిరియాలు చేర్చి దంచిన పొడి. అందులో కాఫీ లేదు, టీ లేదు. అయినా పాళ్లు చూసుకుని పొడి కలపడం మా ఇంట్లో మొదట అక్కడే జరిగింది. తాతయ్య పోయిన ఏడాదే ఇంట్లోకి టీ వచ్చింది. 1947లో టీ ప్రచార బోర్డు వాళ్లు అన్నదా మున్షీ చేత చరఖా ముందు కూర్చున్న స్త్రీ బొమ్మ గీయించి టీ నూటికి నూరుపాళ్లూ స్వదేశీ అని ప్రకటన వేయించారు. తాతయ్య అది చూసి ఉంటే ఏమనేవాడో ఊహించగలను గానీ రాయను.

టీని పేదవాడి గ్లాసులోకి తెచ్చింది మాత్రం ప్రచారం కాదు, ఒక యంత్రం. 1930-31 ప్రాంతంలో అస్సాంలోని అమ్‌గూరీ తోటలో విలియం మెక్‌కర్చర్ సీటీసీ యంత్రం తయారుచేశాడు. పళ్లున్న రెండు రోలర్లు వేరువేరు వేగాలతో తిరుగుతూ ఆకును నలిపి, చింపి, గుండ్రటి పలుకులుగా చుడతాయి. ఆకు కణాలన్నీ చితికిపోవడంతో రంగూ ఘాటూ త్వరగా దిగుతాయి. మరిగించే మన పద్ధతికి, పాలు పోసే మన అలవాటుకు అది అతికినట్టు సరిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ యంత్రాలు దేశమంతా పాకాయి. జల్లెళ్లలోంచి అడుక్కి దిగే సన్నపొడే డస్టు. ఉత్తరాదివాళ్లు పలుకు ఆకు కావాలంటారు, దక్షిణాదిన డస్టుకు గిరాకీ. కారణం తేలిక. కిలో డస్టుకు వచ్చినన్ని గ్లాసులు కిలో ఆకుకు రావు.

నేను మామయ్య కొట్లో చేతిసాయానికి కూర్చున్నది 1970లలో. నీలగిరి కొండల్లోని కూనూరులో వేలం కేంద్రం 1963లోనే వచ్చింది. అక్కడినుంచి డస్టు, కలకత్తా వైపు నుంచి అస్సాం ఆకు లారీల్లో దిగేవి. ప్లైవుడ్ పెట్టెలు, అంచులకు రేకు పట్టీలు, లోపల వెండికాగితం. ఖాళీ పెట్టెలకూ బేరం ఉండేది. మా ఇంట్లో పుస్తకాలు, పాతబట్టలు, చివరికి మా చెల్లెలి బొమ్మలు కూడా ఆ పెట్టెల్లోనే ఉండేవి. ఆ రేకు అంచుకు వేలు కోసుకోని పిల్లలు వీధిలో లేరు.

మామయ్య కొట్టు తీయగానే చేసే మొదటి పని దేవుడికి దణ్ణం కాదు, స్టవ్వు మీద నీళ్లు. కొత్త పెట్టె తెరిచిన రోజున ప్రతిదాన్నీ విడిగా కాచి, పాలు చుక్క వేసి, రంగు చూసేవాడు. కంపెనీల్లో రుచి చూసేవాళ్లకు కొలతలున్నాయి. నూరు మిల్లీలీటర్ల నీళ్లకు రెండు గ్రాములు, ఆరు నిమిషాలు. ఈ పద్ధతిని 1980లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా రాసిపెట్టారు. మామయ్యకు చెంచా, కన్ను, నాలిక చాలు. పాలు పడగానే ఇటుకరంగు తిరిగితే మంచి సరుకు, బూడిదరంగు తిరిగితే పాతది. డస్టును పట్టుకుని ‘ఇది రంగు’ అనేవాడు, ఆకును పట్టుకుని ‘ఇది వాసన’ అనేవాడు. ఆయనకు తెలిసిన శాస్త్రమంతా అదే. అందులో తప్పేమీ లేదు కూడా.

పొడి కోసం వచ్చినవాళ్లను ఆయన ధర గురించి కాక పాల గురించి అడిగేవాడు.

“పాలు ఇంటివా, పోయించుకునేవా అమ్మా?”

“మా గేదె పాలేనండీ, చిక్కగా ఉంటాయి.”

“అయితే ముప్పాతిక డస్టు, పావు ఆకు. ఆకు ఎక్కువేస్తే ఆ పాలల్లో కనపడదు.”

తర్వాత ప్రశ్న నీళ్ల గురించి. కృష్ణ నీళ్లా, బావి నీళ్లా? ఉప్పునీళ్లలో కాచిన టీ మీద తెట్టు కడుతుంది, రంగు మసకేస్తుంది. అలాంటి ఇళ్లకు డస్టు ఇంకొంచెం పెంచేవాడు. చాలా ఏళ్ల తర్వాత లిప్టన్ కంపెనీ చరిత్ర చదువుతుంటే, థామస్ లిప్టన్ కూడా బ్రిటన్‌లో ఏ ఊరి నీళ్లకు తగ్గ మిశ్రమం ఆ ఊళ్లో అమ్మేవాడని తెలిసింది. 1890లో సిలోన్‌లో తోటలే కొన్నవాడికీ, వన్‌టౌన్ సందులో త్రాసు పట్టుకున్నవాడికీ తట్టిన ఉపాయం ఒకటే. లాభాలు మాత్రం ఒకటి కావు.

కాకా హోటళ్లవాళ్ల కథ వేరు. వాళ్లకు అచ్చం డస్టే కావాలి. గుడ్డ సంచిలో పొడి వేసి దానిమీద మరిగే నీళ్లు మళ్లీ మళ్లీ పోస్తారు కనుక, పొద్దుటి సంచి పదింటిదాకా రంగు దించాలి. ఆకు ఆ శిక్షకు తట్టుకోదు. హైదరాబాదు ఇరానీ హోటళ్ల దారి మరొకటి. యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు పెట్టిన ఆ హోటళ్లలో డికాక్షను ఒక గిన్నెలో మూతపెట్టి దమ్ము మీద, పాలు ఇంకో గిన్నెలో చిక్కబడేదాకా సన్నసెగ మీద ఉంచుతారు. రెండూ కలిసేది కప్పులోనే. పొడిని కాదు, డికాక్షనునూ పాలనూ కలిపే విద్య అది. పౌనా అడిగినవాడికి ఒక పాళ్లు, మామూలు చాయ్ అడిగినవాడికి ఒక పాళ్లు. బెజవాడ మనిషిని కాబట్టి కాస్త అసూయతోనే ఒప్పుకుంటున్నాను, ఆ పద్ధతిలో టీ చేదెక్కదు.

ఇంటి మిశ్రమం ఇంకో మెట్టు పైన. అరకిలో పొట్లం పురికొస విప్పి, అమ్మ దినపత్రిక పరిచి అందులో పోసేది. పండక్కి పాయసంలోకి గింజలు తీశాక మిగిలిన ఏలకుల తొక్కలన్నీ ఎండబెట్టి ఉంచేది కదా, అవి అందులో చేరేవి. చలికాలం వస్తే నలగ్గొట్టిన శొంఠి ముక్కలు. చెయ్యి తడిగా ఉంటే ముట్టుకోనిచ్చేది కాదు. టీపొడి ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. ఇంగువ డబ్బా పక్కన పెడితే నెల్లాళ్లు చారు తాగినట్టే ఉంటుంది. ఏలకుల తొక్కలు పనిచేసేదీ ఆ గుణం వల్లనే. కలిపిన రోజున ఏమీ తెలియదు. వారం మూతపెట్టి ఉంచితే గింజ ఒక్కటీ వేయకుండానే టీ ఏలకుల వాసన వేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. డస్టూ ఆకూ ఒక సీసాలో ఉంటే రోజూ కదపడంలో సన్నపొడి కిందికి జారుతుంది, పలుకు పైకి తేలుతుంది. అందుకే నెల మొదట్లో టీ పలచగా, నెలాఖరున ముదురుగా ఉండేది. నెలాఖరున పాలవాడి బాకీ పెరిగి పాలు తగ్గడం, అప్పుడే టీ ముదరడం మా ఇంట్లో ఏళ్ల తరబడి కలిసే జరిగాయి. ఆ సంగతి పసిగట్టాక అమ్మ సీసాను తలకిందులు చేసి రెండు కుదుపులు కుదిపాకే చెంచా పెట్టేది. కంపెనీవాళ్లు మరీ ఎగుడుదిగుడు సైజుల పొడులు కలపకపోవడానికి కారణమూ ఇదే.

ఈ విడిపొడి వ్యాపారం దెబ్బతిన్నది సగం కల్తీ వల్ల. 1954లో కల్తీ నిరోధక చట్టం వచ్చినా, హోటళ్లలో వాడేసిన పొడిని ఎండబెట్టి, రంగేసి, మళ్లీ అమ్మేవాళ్లు ఆగలేదు. శనగపొట్టుకు రంగువేసి కలిపేవాళ్లూ ఉన్నారు. మామయ్య కొట్లో అద్దుడు కాగితం ఉండేది. తడిపిన కాగితం మీద చిటికెడు పొడి జల్లితే, రంగేసిన సరుకు వెంటనే ఎర్రటి మరకలు దింపుతుంది. మంచి పొడికి అంత తొందర ఉండదు. ఆయన ఇది చేసి చూపించినా, అందరి కొట్లలో ఆ కాగితం ఉండదు కదా. జనం సీలు వేసిన ప్యాకెట్టును నమ్మారు. త్రీ రోజెస్, చక్రా గోల్డ్, జెమినీ వచ్చి అల్మారాలు నింపాయి. అవీ మిశ్రమాలే. ఎన్నో తోటల పొడులు కలిపి ఏడాది పొడుగునా ఒకే రుచి నిలబెట్టడం తేలిక కాదు, ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే మీ పాలేమిటి, మీ నీళ్లేమిటి అని ప్యాకెట్టు అడగదు.

ప్యాకెట్టు పాలు వచ్చాక మామయ్య లెక్కే మారిపోయింది. గేదెపాల చిక్కదనం పోయి వెన్న తీసిన పాలు ఇళ్లలోకి దిగాయి. డస్టులోని వగరును పట్టి ఆపేది పాలలోని మాంసకృత్తులూ కొవ్వూనే. అవి పలచబడితే ముప్పాతిక డస్టు నాలికను పట్టేస్తుంది. ఆయన చివరి రోజుల్లో తూచిన పొట్లాల్లో డస్టూ ఆకూ సమానంగా ఉండేవి. ఇప్పుడు నేను ఇంట్లో కలిపే పాళ్లు అంతకంటే ఇంకా ఆకు వైపు మొగ్గాయి. మా కోడలు పాలు లేకుండా తాగుతుంది, ఆమెకు డస్టు పనికిరాదు. కూనూరు నుంచి చేత్తో చుట్టినట్టుండే పొడుగాకు తెప్పించి, అందులో నిమ్మగడ్డి ఎండబెట్టి వేసుకుంటుంది. ఆ సీసాలో మాత్రం ఏలకుల తొక్కలు వేయొద్దని గట్టిగా చెప్పింది.