లేఖకుడు, పరిష్కర్త, యంత్రం

కడపలో సి.పి. బ్రౌన్ సొంత ధనంతో, అప్పుచేసి కూడా, లేఖకులను, పండితులను పోషించాడు. లేఖకుడు తాళపత్ర ప్రతికి నకలు రాసేవాడు. పండితుడు ప్రతులను పోల్చి పాఠం నిర్ణయించేవాడు. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో 1851లో వెలువడిన మనుచరిత్ర వెనుక ఉన్నది ఈ శ్రమవిభజనే.

పదాల మధ్య ఎడం లేని ఆ రాతను చదివే పనిని కృత్రిమ మేధ నేడు అందుకొంటున్నది. అది ఆహ్వానించదగినదే. చిక్కంతా రెండో పని వద్ద ఉన్నది. తెలియని మాటను తెలిసిన మాటగా మార్చడం లేఖకులకు పరిపాటి కనుక, పరిష్కర్తలు పలుమార్లు అరుదైన పాఠాన్నే గ్రహిస్తారు. భాషా నమూనా తాను ఎక్కువగా చూసిన రూపం వైపే మొగ్గుతుంది. అంటే లేఖకుని పొరపాటునే తిరిగి చేస్తుంది. లేఖకుని తప్పు అతని ప్రతికి, దాని నకళ్లకు పరిమితం. యంత్రం అదే సవరణను అన్ని ప్రతులలోనూ చేస్తే పోల్చిచూడడానికి పాఠాంతరమే మిగలదు. పత్రాల ఛాయాచిత్రాలు జతచేయని యంత్రపాఠాన్ని పరిష్కృత ప్రతిగా అంగీకరించరాదు.