గోల చేసే అద్దెవాళ్ళు, గ్లాస్గో గంట

హైదరాబాదులో మాకో చిన్న ఇల్లుంది. కింది పోర్షన్‌లో ఒక ముసలి దంపతులు, పైన నలుగురు బ్యాచిలర్లు. అద్దె వసూళ్ళు నాన్నగారి డిపార్ట్‌మెంటు, ఫిర్యాదులు నాది. పోయిన నెల కింది పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, రాత్రి ఒంటిగంటకి నెత్తిమీద ఆ దబదబలేమిటయ్యా? ఆవిడకి అసలే బీపీ. వాళ్ళుండాలో మేముండాలో తేల్చండి" అన్నారు. నాన్నగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఖాళీ చేయించెయ్."

అలా చేయించొచ్చా అని చట్టం చూడబోతే, కథ స్కాట్లాండు దాకా పోయింది.

1915. మొదటి ప్రపంచ యుద్ధం. గ్లాస్గోలో ఓడల, ఆయుధాల ఫ్యాక్టరీలకి జనం వచ్చిపడ్డారు. ఇళ్ళు చాల్లేదు. ఇంకేం, ఓనర్లు అద్దెలు పెంచేశారు. గోవన్ అనే పేటలో మేరీ బార్బర్ వెనక ఆడవాళ్ళంతా పెంచిన అద్దె కట్టేది లేదని మొండికేశారు. ఖాళీ చేయించడానికి అమీనా వస్తే కాపలా ఉన్నావిడ గంట కొట్టేది. అంతే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా దిగి అతని మీద పిండి పొట్లాలు విసిరేవారు! నవంబరుకల్లా సుమారు 20,000 కుటుంబాలు చేరాయి. డిసెంబరులో బ్రిటిష్ పార్లమెంటు దిగొచ్చింది. చిన్న ఇళ్ళ అద్దెలు 1914 ఆగస్టు స్థాయి దాటకూడదు, అద్దె కడుతున్నవాణ్ణి ఊరికే వెళ్ళగొట్టకూడదు అంది.

కొన్ని మినహాయింపులు పెట్టింది. అందులో ఒకటి, ఇరుగుపొరుగుకి న్యూసెన్స్‌గా తయారైనవాడు. గోల చేసి సాధించుకున్న చట్టంలో గోల చేసేవాడికి రక్షణ లేదన్నమాట :)

అద్దె నియంత్రణ మన దేశంలోకీ వచ్చింది. బొంబాయిలో 1918లో, మద్రాసులో 1941లో, హైదరాబాదుకి 1954 చట్టం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1960లో రెండు ప్రాంతాలకీ కలిపి ఒకే చట్టం చేశారు. దాని 10వ సెక్షన్లో మళ్ళీ అదే మాట. అదే భవనంలో మిగతా భాగాల్లో ఉండేవాళ్ళకో, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకో న్యూసెన్స్ అయితే ఖాళీ చేయించొచ్చు. గమనించారా? ఓనరుకి చిరాకొస్తే సరిపోదు. పక్కవాడికి ఇబ్బంది ఉండాలి, అదీ రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చెయ్యాలి, అవతలివాడి మాటా వినాలి.

ఇక్కడే నాకు ఇబ్బందొచ్చింది. 2005 సవరణతో, కార్పొరేషన్లలో నెలకి 3,500 దాటిన ఇళ్ళని ఈ చట్టం నుంచి తప్పించారు. మాదీ ఆ లెక్కలోదే. కాబట్టి మాకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే గతి. కాగితం లేని నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసిస్తే చాలు, కారణం అక్కర్లేదు. అంటే 1915కి ముందు గ్లాస్గో ఓనరు చేతిలో ఉన్న కర్ర ఇప్పుడు నా చేతిలో ఉంది!

ఆ కర్ర ఎత్తేముందు ఓ రాత్రి పెద్దాయన గదిలో కూర్చున్నాను. నిజమే, గోడలు అదురుతున్నాయి. పైకెళ్తే కుర్రాళ్ళు తెల్లబోయారు. "అన్నా, కిందికి ఇంత వినిపిస్తుందని తెలీదన్నా." వూఫర్ తిన్నగా నేలమీదే పెట్టారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్స్ అని చెప్పాను. పది దాటితే హెడ్‌ఫోన్స్ అని ఒప్పుకున్నారు. పెద్దాయన నంబరు వాళ్ళకీ, వాళ్ళది ఆయనకీ ఇచ్చాను.

"నువ్వు ఓనరువా, వాళ్ళ లాయరువా?" అన్నారు నాన్నగారు.

మూడు వారాలుగా ఫోన్ రాలేదు. మళ్ళీ మొదలైతే నోటీసు ఇస్తాను. కాకపోతే చట్టం అడక్కపోయినా, అందులో కారణం రాస్తాను.