పాత కార్లలో ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు: ఇరుకు చోట సరైన బిగింపు

డ్రెయిన్ ప్లగ్గు అనగా ఇంజను అడుగున గల ఆయిల్ సంపునకు అమర్చిన చిన్న మరబోల్టు. దానిని విప్పితే పాత ఆయిలు దిగిపోతుంది. తిరిగి బిగిస్తే కొత్త ఆయిలు నిలుస్తుంది. చూపునకు చిన్నదైనా, కారులోని ఇంజను ఆయిలంతా ఈ ఒక్క బోల్టు మీదనే ఆధారపడి ఉన్నది. పాత కార్లలో దీని చుట్టూ చేయి పట్టని ఇరుకు ఉండుట వలన, బిగింపులో పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

సేత్తూరు దారిలో దీని ప్రాముఖ్యం

రాజపాళయానికి దక్షిణంగా, తెన్‌కాశి జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న సేత్తూరు మీదుగా తిరుమంగళం–కొల్లం జాతీయ రహదారి 744 సాగుతుంది. ఈ దారి సెంగోట్టై దాటి, పడమటి కనుమలెక్కి, ఆర్యంకావు, తెన్మల మీదుగా పునలూరు చేరుతుంది. శబరిమల యాత్రాకాలంలో ఈ ప్రాంతపు కుటుంబాలు పాత కార్లలోనే ఈ కనుమ దాటుట పరిపాటి. ఎక్కుడు దారిలో ఇంజను మీద భారం అధికం. అక్కడ ప్లగ్గు సడలి ఆయిలు కారిపోతే, బేరింగుల మధ్య ఉండవలసిన ఆయిలు పొర నశించి, నిమిషాలలో ఇంజను పట్టుకుపోవచ్చు. పిల్లలతో, వృద్ధులతో అడవి దారిలో నిలిచిపోవడం ఖర్చుకు మించిన కష్టం.

ప్లగ్గు ఆయిలును ఆపే తీరు

ఆయిలును ఆపేది మరచుట్లు కావు, ప్లగ్గు తల కింద ఉండే వాషరు. రాగి లేదా అల్యూమినియం వాషరు బిగింపులో కొద్దిగా నలిగి, రెండు లోహాల మధ్య సందును మూసివేస్తుంది. ఒకసారి నలిగిన వాషరు గట్టిపడుతుంది, మరల అంత చక్కగా నలగదు. పాత వాషరుతో కారుడు ఆగక, ఇంకా బిగించి, మరచుట్లను పాడుచేసుకొనుట అందరికీ తెలిసిన ముచ్చటే. కొత్త వాషరు ధర స్వల్పం, సంపు ధర అనేక రెట్లు. కొత్తది దొరకని పక్షంలో రాగి వాషరును ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. అల్యూమినియం వాషరుకు ఈ ఉపాయం పనికిరాదు.

ఇరుకు వలన కలిగే చిక్కు

స్పానరు తిప్పే శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది: చేతి బలం, స్పానరు పొడవు. 14 మిల్లీమీటర్ల మర గల సాధారణ ప్లగ్గుకు 30 నుండి 40 న్యూటన్ మీటర్ల బిగింపు చాలును. 20 సెంటీమీటర్ల స్పానరు కొసన సుమారు 18 కిలోల బలంతో లాగితే 35 న్యూటన్ మీటర్లు కలుగుతుంది. ఇరుకులో 10 సెంటీమీటర్ల పొట్టి స్పానరు వాడితే అదే బిగింపునకు 36 కిలోల బలం కావాలి. వెల్లకిల పడుకున్న మనిషికి అది కష్టం గనుక ప్లగ్గు వదులుగా మిగులుతుంది. దీనికి విరుగుడుగా కొందరు స్పానరుకు పైపు తొడుగుతారు. 60 సెంటీమీటర్ల పైపు కొసన అదే 18 కిలోల బలం 105 న్యూటన్ మీటర్లు అవుతుంది. అంటే అవసరానికి మూడు రెట్లు. రేకు సంపులో ప్లగ్గు పట్టే నట్టు అతుకు వీడుటకు, అల్యూమినియం సంపులో మర ఊడుటకు ఇదే మూలం. కనుక పైపును విప్పుటకు వాడినా వాడవచ్చు, బిగించుటకు మాత్రం కూడదు.

స్పానరు ఎంపిక

ఆంధ్రలో పానా అని పిలిచే పనిముట్టునే ఈ ప్రాంతపు షెడ్లలో స్పానరు అంటారు. పేరేదైనా కొలత కుదరడం ముఖ్యం. 1983లో వచ్చి 2014లో ఉత్పత్తి ఆగిన మారుతి 800లో బోల్టులు మిల్లీమీటర్ల కొలతవి. బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా నుండి పుట్టి, 2014 వరకు తయారైన అంబాసిడరులో, పాత బ్రిటిషు రకపు ఇంజనుకు అంగుళాల కొలత బోల్టులు ఉంటాయి. ముప్పావు అంగుళం 19.05 మిల్లీమీటర్లు గనుక 19 నంబరు స్పానరు దానికి దాదాపు సరిపోతుంది. కాని 11/16 అంగుళం 17.46 మిల్లీమీటర్లు. దానికి 17 నంబరు పట్టదు, 18 నంబరు జారి తల మూలలను అరగదీస్తుంది.

చోటు తక్కువైనప్పుడు పన్నెండు మూలల రింగు స్పానరు మేలు. అది 30 డిగ్రీలు తిరిగినంతనే తీసి మరల తగిలించవచ్చు. ఆరు మూలలదానికి 60 డిగ్రీల చోటు కావాలి, కాని పట్టు గట్టిది. కనుక చివరి బిగింపునకు వీలైతే ఆరు మూలలదే వాడాలి. బాక్సు స్పానరుకు తిన్నని పొడిగింపు కడ్డీ జోడించినా బిగింపు లెక్క మారదు. వంగే కీలు జోడిస్తే మాత్రం చేతికి అంచనా తప్పుతుంది.

పని క్రమం

1. కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి కారు కిందికి పోరాదు. ఉక్కు స్టాండ్లు గాని, తనిఖీ గుంత గాని తప్పనిసరి.

2. ఇంజనును కొద్దిసేపు నడిపి ఆపి, ఆయిలు గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. మరీ వేడి ఆయిలు చర్మాన్ని కాలుస్తుంది.

3. విప్పేది సంపు ప్లగ్గేనా, గేరు పెట్టె ప్లగ్గా అని ముందుగా నిర్ధారించుకోవాలి. ఇంజను అడ్డంగా ఉండే కార్లలో రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి.

4. తిప్పే దిశను ఎప్పుడూ ప్లగ్గు తలకు ఎదురుగా చూస్తున్నట్లు భావించాలి: గడియారపు ముల్లు దిశ బిగింపు, ఎదురు దిశ సడలింపు. పైనుండి చేయి దించి పని చేసేవారికి దిశ తారుమారుగా తోస్తుంది. విప్పుతున్నామనుకొని బిగించి మర తెంచినవారు లేకపోలేదు.

5. ఆయిలు దిగిన పిదప సంపు రంధ్రపు అంచును, ప్లగ్గు మరను గుడ్డతో తుడిచి, కొత్త వాషరు వేయాలి. పాత వాషరు సంపుకే అంటుకొని ఉన్నదేమో చూడాలి.

6. ప్లగ్గును మొదట వెనుకకు తిప్పి, మర కుదిరిన చిన్న తాకిడి తెలిసిన తరువాత ముందుకు తిప్పాలి. మూడు నాలుగు చుట్లు వ్రేళ్ళతోనే పోవాలి. వ్రేళ్ళు అందని చోట ప్లగ్గును కొద్ది గ్రీజుతో బాక్సు స్పానరులో నిలిపి, పొడిగింపు కడ్డీని చేతితోనే త్రిప్పాలి. గట్టిగా తగిలితే వెనుకకు తీసి మరల మొదలుపెట్టాలి.

7. వాషరు ఆనిన తరువాతనే స్పానరు పట్టాలి. అక్కడి నుండి సుమారు పావు చుట్టు, సరిగా తెలియకుంటే కారు పుస్తకంలోని సంఖ్య.

టార్కు రెంచి లేనివారు స్ప్రింగు త్రాసును వాడవచ్చు. ప్లగ్గు నడిమికి 20 సెంటీమీటర్ల దూరాన స్పానరుకు త్రాసు కొక్కెం తగిలించి, స్పానరుకు లంబంగా లాగి 18 కిలోలు చూపగానే ఆపాలి.

పని ముగిసిన తరువాత

కొత్త ఆయిలు పోసి ఇంజనును రెండు నిమిషాలు నడిపి, ప్లగ్గు చుట్టూ ఆరిన గుడ్డ ఒత్తి చూడాలి. కనుమ ఎక్కేముందు, కారు ఆపిన చోట నేల మీద ఆయిలు చుక్కలు పడినవేమో చూడాలి. దారిలో ఎర్రని ఆయిలు దీపం వెలిగితే, ముందరి షెడ్డు వరకు పోదామనుకోక అక్కడికక్కడే ఇంజను ఆపాలి.

కొత్త వాషరు వేసినా, సరైన బిగింపునకు కారుడు ఆగకపోతే లోపం మరలో ఉన్నట్లు. మరను తిరిగి కోయించుట, పెద్ద ప్లగ్గు వేయించుట మంచి మెకానిక్కు పని. అతుకు ముద్ద పూయుట ఇల్లు చేరేవరకు పనికివచ్చే ఏర్పాటు మాత్రమే. మరకు చుట్టిన టేపు తునకలు ఆయిలులో పడి ఆయిల్ పంపు జల్లెడను మూయవచ్చు.

పాత ఆయిలును వాగులోను, చెరువు గట్టున, బావి దగ్గర పోయరాదు. 2016 నాటి కేంద్ర నియమాలు వాడిన ఆయిలును ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తున్నవి. మూత గల డబ్బాలో నింపి, దానిని సేకరించే వర్క్‌షాపునకు అప్పగించడమే తగినది.

బిగింపు బలం చేతిలో లేదు. శుభ్రమైన మరలో, కొత్త వాషరులో, కుదిరిన స్పానరులో ఉన్నది. ఈ మూడూ ఉన్నప్పుడు ఇరుకు చోటు ఆలస్యం కలిగించునే గాని నష్టం కలిగించదు.